పాత అమెరికన్ కారులో ఇంజిన్ మార్చాలంటే ముందు దాన్ని గుర్తుపట్టాలి

"ఇది 350, మీ కారులో చక్కగా కూర్చుంటుంది" అని అమ్మేవాళ్ళు చెప్పే మాట నమ్మి డబ్బు కట్టేయకండి. 350 అనేది ఇంజిన్ పేరు కాదు, క్యూబిక్ ఇంచుల్లో దాని పరిమాణం. జనరల్ మోటార్స్ గొడుగు కిందే షెవ్రొలే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబీల్, బ్యూక్ నాలుగు విభాగాలూ వేటి 350 అవి విడిగా తయారు చేసుకున్నాయి. పరిమాణం ఒకటే అయినా ఒకదాని హెడ్డు (సిలిండర్ల మీది మూత) ఇంకోదానికి ఎక్కదు, ఇన్‌టేక్ (గాలి, పెట్రోలు లోపలికి పంపే భాగం) ఎక్కదు, మౌంట్లు (ఇంజిన్‌ని కారుకి పట్టి ఉంచే దిమ్మలు) కలవవు. షెవీ (షెవ్రొలే) 350లో బోర్, అంటే సిలిండర్ వ్యాసం, 4.00 అంగుళాలు, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 3.48. బ్యూక్ 350లో బోర్ 3.80, స్ట్రోక్ 3.85. పాంటియాక్‌లో 3.875, 3.75. 1977లో ఓల్డ్స్‌మొబీల్ కారు కొన్నవాళ్ళలో చాలామందికి బానెట్ తీస్తే షెవ్రొలే 350 కనిపించి, ఆ గొడవ కోర్టుల దాకా వెళ్ళిందంటే, కొత్త కారు కొన్నవాళ్ళకే ఈ తికమక తప్పలేదన్నమాట. ఇక నలభై యాభై ఏళ్ళలో ఎన్ని చేతులు మారిందో తెలియని కారు సంగతి చెప్పనక్కర్లేదు.

చాలామంది హార్స్‌పవర్ దగ్గర మొదలుపెడతారు. నా సలహా, అది ఆఖరికి వదిలేయండి. ఈ పని గెలిచేదీ ఓడేదీ ఇంజిన్ మిగతా కారుతో కలిసే నాలుగైదు చోట్ల: గేర్‌బాక్స్ అతుక్కునే వెనక ముఖం, ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంక్‌షాఫ్ట్ వెనక బిగించే పళ్ళ చక్రం), మౌంట్లు, ఆయిల్ పాన్, ముందు పుల్లీలు. ఆ చోట్లు ఎలా ఉంటాయో తెలియాలంటే చేతిలో ఉన్న ఇనుము ఏమిటో ముందు ఖాయంగా తెలియాలి. హార్స్‌పవర్ అంకెల్లోనూ ఒక మెలిక ఉంది. 1971 వరకు కంపెనీలు సాధారణంగా చెప్పింది గ్రాస్ లెక్క, అంటే ఎయిర్ క్లీనర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటివేవీ లేకుండా బెంచి మీద కొలిచిన అంకె. 1972 నుంచి అవన్నీ బిగించి కొలిచే నెట్ లెక్కకు వచ్చారు, కాబట్టి 1970 ఇంజిన్ అంకెనీ 1973 ఇంజిన్ అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

ఒక్క మాట. అమెరికాలో డ్రైవర్ సీటు ఎడమ వైపు ఉంటుంది. కింద నేను డ్రైవర్ వైపు అన్న ప్రతిసారీ కారులో కూర్చుని ముందుకు చూస్తే మీ ఎడమ చెయ్యి వైపు అని అనుకోండి, బానెట్ ముందు నిలబడి చూస్తే అది తారుమారవుతుంది.

కంటితో తేలేవి

రంగు నమ్మొద్దు, ఎయిర్ క్లీనర్ మీది స్టిక్కర్ అసలే నమ్మొద్దు. షెవీ అంటే నారింజ, పాంటియాక్ అంటే నీలం, 1966 తర్వాత ఫోర్డ్ అంటే కూడా నీలం అని ఒక లెక్క ఉన్నమాట నిజమే కానీ, పెయింటు డబ్బా ఎవరైనా కొనుక్కోవచ్చు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) ఎక్కడుందో చూడండి, దాన్ని మార్చి పెట్టడం ఎవరి వల్లా కాదు. షెవ్రొలేలో చిన్న బ్లాకు, పెద్ద బ్లాకు అని రెండు ఇంజిన్ కుటుంబాలు (బ్లాకు అంటే సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మ), రెండింటికీ అది వెనక, ఫైర్‌వాల్ దగ్గర ఉంటుంది. పాంటియాక్, ఓల్డ్స్‌మొబీల్ వీ8లకూ వెనకే. ఫోర్డ్‌లో 289, 302, 351, ఎఫ్ఈ అనే పెద్ద ఇంజిన్ల కుటుంబం, 429, 460 అన్నిటికీ ముందు. బ్యూక్ 350, 400, 430, 455లకు కూడా ముందే. క్రైస్లర్ దగ్గర రెండూ ఉన్నాయి, అదీ మనకు మంచిదే: 273, 318, 340, 360 ఉండే ఎల్ఏ కుటుంబానికి వెనక, 383, 400, 413, 440 లాంటి పెద్ద బ్లాకులకు ముందు. ఏఎంసీ వీ8లకు ముందు ఉంటుంది, అందుకే ఎవరైనా పాత జీప్ వాగనీర్‌లోంచి తీసిన 360ని డాడ్జ్ 360 అని చెబితే ఒక్క చూపులో తేలిపోతుంది, రెండూ వేర్వేరు కంపెనీల ఇంజిన్లు. ఏఎంసీ వాళ్ళు 304, 360, 401 అని పరిమాణాన్ని బ్లాకు పక్కనే పోత పోశారు, మిగతావాళ్ళూ అలా చేసుంటే మనకు ఈ శ్రమ ఉండేది కాదు.

తర్వాత వాల్వ్ కవర్ బోల్టులు లెక్కపెట్టండి. షెవీ చిన్న బ్లాకుకు ఒక్కో కవరుకు 4, పెద్ద బ్లాకుకు 7. ఫోర్డ్ 289, 302, 351 విండ్సర్‌లకు 6, 351 క్లీవ్‌లాండ్‌కు 8, ఎఫ్ఈకి 5. క్రైస్లర్ ఎల్ఏకి 5, పెద్ద బ్లాకుకు 6. ఓల్డ్స్‌మొబీల్ అయితే లెక్కపెట్టక్కర్లేదు, చాలా కార్లలో ఆయిల్ పోసే గొట్టం వాల్వ్ కవర్ మీద కాకుండా ఇంజిన్ ముందు భాగంలో నిటారుగా నిలబడి ఉంటుంది.

ఫోర్డ్ 351 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ అంకె మోసినవి మూడు ఇంజిన్లు. విండ్సర్, క్లీవ్‌లాండ్, 351ఎమ్. రేడియేటర్ పై గొట్టం ఎటు వెళ్తుందో చూడండి. విండ్సర్‌లో అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ ముందు నుంచి అడ్డంగా వస్తుంది. క్లీవ్‌లాండ్‌లో థర్మోస్టాట్ బ్లాకులోనే ఉంటుంది కాబట్టి గొట్టం నిలువుగా పైకి లేస్తుంది. 351ఎమ్ చూడడానికి క్లీవ్‌లాండ్ లాగే ఉంటుంది, కానీ దాని బ్లాకు ఎత్తు ఎక్కువ, పైగా వెనక గేర్‌బాక్స్ అతుక్కునే బోల్టుల అమరిక 429, 460 పెద్ద బ్లాకులది. అంటే 302 తీసేసి "351 పెడతా" అన్నవాళ్ళకి విండ్సర్ దొరికితే ఒక పని, 351ఎమ్ దొరికితే పూర్తిగా ఇంకో పని. విండ్సర్ కూడా 302 అంత సులువు కాదు. 302 డెక్ ఎత్తు (క్రాంక్ మధ్య నుంచి బ్లాకు పై ముఖం వరకు) దాదాపు 8.2 అంగుళాలైతే విండ్సర్‌ది 9.5, ఎత్తు పెరిగితే వీ8లో వెడల్పూ పెరుగుతుంది. 1965 నుంచి 1970 వరకు వచ్చిన మస్టాంగ్‌లలో షాక్ టవర్ల (ఇంజిన్‌కి రెండు పక్కలా సస్పెన్షన్‌ని మోసే గోడలు) మధ్య చోటు ముందే ఇరుకు, హెడర్లు (ఎగ్జాస్ట్ గొట్టాలు) దూర్చేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

అంకెలు చదవడం

అంకెలు రెండు రకాలు. ఇనుము పోత పోసినప్పుడే ఉబ్బెత్తుగా వచ్చినవి ఒకటి, తర్వాత ఫ్యాక్టరీలో సుత్తితో గుద్దినవి రెండోది. మొదటివి ఆ ముక్క ఏమిటో చెబుతాయి. రెండోవి ఆ ఇంజిన్ ఎక్కడ, ఎప్పుడు, ఏ కారు కోసం బిగించారో చెబుతాయి. రెండూ చదవాలంటే డీగ్రీజర్, వైర్ బ్రష్, టార్చిలైటు, ఫోను ఉంటే చాలు. గుద్దిన అంకెల మీద మాత్రం వైర్ బ్రష్ పెట్టకండి, వాటిని గుడ్డతో, పెయింటు రిమూవర్‌తో మెల్లగా తుడవండి, ఎందుకో కింద చెబుతాను.

షెవీ చిన్న బ్లాకులో పోత నంబరు వెనక, డ్రైవర్ వైపు, గేర్‌బాక్స్ అతుక్కునే అంచు పైన ఉంటుంది. పోత తేదీ కూడా ఆ వెనక అంచు మీదే, చాలావాటిలో అవతలి వైపు ఉంటుంది. సీ 14 9 అని కనిపిస్తే మార్చి 14, సంవత్సరం 9తో ముగుస్తుంది. నెలకు ఒక అక్షరం, జనవరికి ఏ, డిసెంబరుకి ఎల్. 9 అంటే 1969 కావచ్చు, 1979 కావచ్చు, అది ఇంకో ఆధారంతో తేల్చుకోవాలి. ఉదాహరణకు ఆయిల్ డిప్‌స్టిక్ 1979 వరకు డ్రైవర్ వైపు ఉండేది, 1980 నుంచి అవతలి వైపుకి మారింది. హెడ్డుల చివర్లలో ఆల్టర్నేటర్ లాంటివి బిగించడానికి బోల్టు రంధ్రాలు 1969 నుంచి వచ్చాయి, అయితే హెడ్డులు మారి ఉండొచ్చని గుర్తుంచుకోండి.

పోత నంబరు ఒక్కటే చూసి సంబరపడకండి. 3970010 అనే బ్లాకు చాలా ప్రసిద్ధి, 1969 నుంచి దశాబ్దం పాటు 350లకు వాడారు, కానీ 1969 కమారో జెడ్28లో 302కి కూడా ఇదే నంబరు బ్లాకు వచ్చింది. మిగతా కథ ముందు పలక మీద ఉంటుంది. డ్రైవర్‌కు అవతలి వైపు, హెడ్డుకు సరిగ్గా ముందు, ఆల్టర్నేటరో బ్రాకెట్టో అడ్డం ఉంటే దాని వెనక, చదునైన చిన్న పలక ఒకటి కనిపిస్తుంది. అక్కడ వీ0102డీజెడ్ అని ఉంటే వీ అంటే ఫ్లింట్ ఫ్యాక్టరీ, 0102 అంటే జనవరి 2, డీజెడ్ అంటే 1969 జెడ్28 302. 1968 నుంచి దీనితో పాటు కారు వీఐఎన్‌లో (గుర్తింపు నంబరులో) కొంత భాగం కూడా బ్లాకు మీద గుద్దడం మొదలైంది. "నంబర్స్ మ్యాచింగ్" అని ధర పెంచి చెప్పేది ఈ రెండూ కలిసినప్పుడే.

ఇక్కడ మోసం కూడా జరుగుతుంది, అందుకే వైర్ బ్రష్ వద్దన్నాను. ఫ్యాక్టరీలో ఆ పలకను కోసినప్పుడు దాని మీద సన్నటి సమాంతర గీతలు పడతాయి. పాత అంకెలు చెరిపేసి కొత్తవి గుద్దినవాళ్ళు ఆ గీతల్ని మళ్ళీ తేవడం కష్టం. పలక అద్దంలా నున్నగా ఉందంటే, ఎప్పుడో డెక్ మిషన్ చేయించారు లేదా అంకెలు మార్చారు, అమ్మేవాళ్ళను ఏది జరిగిందో చెప్పమని అడగండి. మీ దగ్గరున్న కారులో అసలు ఇంజిన్ ఇంకా ఉందని తేలితే దాన్ని మాత్రం అమ్మేయకండి. ప్లగ్గు రంధ్రాల్లో నూనె పోసి, అన్ని నోళ్ళూ మూసి, ప్లాస్టిక్ చుట్టి ఓ మూల పెట్టండి. ఆ కారు తర్వాత ఎవరి చేతికి వెళ్ళినా ఆ ఇనుప ముద్దతో పాటే వెళ్ళాలి. పాత కార్ల మీద నాకున్న ప్రేమలో సగం ఇదే, ఒక ఇంజినూ ఒక కారూ ఒకే వారంలో పుట్టి ఇంకా కలిసి ఉండడం.

ఫోర్డ్ పద్ధతి ఇంకా తేలిక. సీ8ఓఈ-6015-ఏ అని బ్లాకు మీద ఉందనుకోండి. సీ అంటే 1960లు, డీ అయితే 1970లు, ఈ అయితే 1980లు. 8 అంటే ఆ దశాబ్దంలో ఎనిమిదో సంవత్సరం, 1968. ఓ అంటే ఫెయిర్‌లేన్ తరహా కారు, ఏ అయితే పెద్ద కార్లు, జెడ్ అయితే మస్టాంగ్, టీ అయితే ట్రక్కు. 6015 అంటే బ్లాకు. ఆ సంవత్సరం డిజైన్ పుట్టినది మాత్రమే, ఆ బ్లాకును తర్వాత ఇంకొన్నేళ్ళు పోత పోసి ఉండొచ్చు. అసలు తేదీ విడిగా ఉంటుంది, 9సీ14 అంటే 1969 మార్చి 14. చిన్న బ్లాకుల్లో చాలావాటికి బ్లాకు నంబరు స్టార్టర్ దగ్గర ఉంటుంది కాబట్టి స్టార్టర్ విప్పకుండా చదవడం కుదరదు. క్రైస్లర్ ఎల్ఏ ఇంజిన్లకు డ్రైవర్ వైపు బ్లాకు పక్కన పెద్ద అక్షరాలతో ఉంటుంది.

కారు వీఐఎన్ సంగతి. ఫోర్డ్‌లో ఐదో అక్షరం ఇంజిన్ చెబుతుంది, 1965 మస్టాంగ్‌లో కే అంటే హైపెర్ఫార్మెన్స్ 289, సీ అంటే రెండు బ్యారెల్ కార్బ్యురేటర్ 289, టీ అంటే ఆరు సిలిండర్ల 200. క్రైస్లర్‌లో 1966 నుంచి ఐదో అక్షరమే. జనరల్ మోటార్స్ మాత్రం 1971 దాకా వీఐఎన్‌లో ఏ ఇంజినో చెప్పలేదు, షెవ్రొలేలో ఆరు సిలిండర్లా ఎనిమిదా అన్నంత వరకే తెలిసేది. 1981 నుంచి అందరికీ 17 అక్షరాలు, ఎనిమిదోది ఇంజిన్. ఇదంతా కారు ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి సంగతి, ఇప్పుడు లోపల ఏముందో వీఐఎన్‌కి తెలియదు.

అన్నిటికంటే ఎక్కువ మంది దెబ్బతినేది షెవీ 305 దగ్గర. బయటినుంచి అచ్చం 350 లాగే ఉంటుంది, స్ట్రోక్ కూడా అదే 3.48, తేడా అంతా బోర్‌లో, 3.736 అంగుళాలు. ప్లగ్గు రంధ్రంలోంచి పుల్ల దించి స్ట్రోక్ కొలిచే చిట్కా 283నీ 350నీ వేరుచేయడానికి కొంత పనికొస్తుంది, ఇక్కడ దేనికీ పనికిరాదు. పోత నంబరు దొరక్కపోతే ఒక హెడ్డు విప్పి బోర్ కొలవండి. 4.00 గానీ, ఒకసారి రీబోర్ అయితే 4.030 గానీ వస్తే 350. అమ్మేవాళ్ళు హెడ్డు విప్పనివ్వకపోతే 305 ధర ఇస్తానని చెప్పండి.

కారుతో కలిసే చోట్లు

ముందుగా వెనక ముఖం. జనరల్ మోటార్స్‌లో ప్రధానంగా రెండు అమరికలు: షెవ్రొలేది ఒకటి, బ్యూక్-ఓల్డ్స్-పాంటియాక్‌లది ఇంకొకటి, కాడిలాక్ రెండో గుంపుతో నడిచింది. షెవీలో చిన్న బ్లాకుకీ పెద్ద బ్లాకుకీ ఒకే అమరిక, కాబట్టి 350 స్థానంలో 454 పెట్టినా గేర్‌బాక్స్ అతుక్కుంటుంది. టీహెచ్350, టీహెచ్400 గేర్‌బాక్సులు రెండు అమరికల్లోనూ వచ్చాయి, పేరు చూసి కొనకండి, బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కి అతుక్కునే గేర్‌బాక్స్ ముందు భాగం) చూసి కొనండి. ఫోర్డ్‌లో 260, తొలి 289లు ఐదు బోల్టులవి, 1964 వేసవి తర్వాత ఆరు బోల్టులకు మారాయి. ఎఫ్ఈది తన సొంత అమరిక.

రెండోది బ్యాలెన్స్, దీన్ని పట్టించుకోకపోతే ఇంజిన్ వణికి వణికి బేరింగులు తినేస్తుంది. షెవీ చిన్న బ్లాకుల్లో 1985 వరకు అన్నీ లోపలే (క్రాంక్ మీదే) బ్యాలెన్స్ అయినవి, ఒక్క 400 తప్ప. 400కి ముందు డ్యాంపర్ (క్రాంక్ ముందు చివర ఉండే చక్రం) మీదా వెనక ఫ్లెక్స్‌ప్లేట్ మీదా బరువు ఉండాలి. 1986లో వెనక మెయిన్ సీల్ రెండు ముక్కల నుంచి ఒకే ముక్కకు మారింది, దానితో పాటు క్రాంక్ వెనక బోల్టుల వృత్తం 3.58 అంగుళాల నుంచి 3.00కి తగ్గింది, వెనక ఫ్లెక్స్‌ప్లేట్‌లో బరువు అవసరమైంది. అంటే పాత ఫ్లెక్స్‌ప్లేట్ కొత్తదానికి ఎక్కనే ఎక్కదు. ఫోర్డ్ 302 ఇంకా ప్రమాదం, ఎందుకంటే అక్కడ తప్పు ముక్క కూడా చక్కగా ఎక్కుతుంది. 1980ల మొదట్లో దాని బ్యాలెన్స్ 28 ఔన్స్-ఇంచ్ నుంచి 50కి మారింది. 351 విండ్సర్ 28తోనే ఉండిపోయింది. డ్యాంపర్, ఫ్లెక్స్‌ప్లేట్ రెండూ ఇంజిన్‌తో పాటే కొనండి, విడిగా కలపాల్సి వస్తే అంకె అడిగి తీసుకోండి. క్రైస్లర్ 318 లోపల బ్యాలెన్స్, 360 బయట, 360 ఆటోమేటిక్‌లో ఆ బరువు టార్క్ కన్వర్టర్‌కే (ఇంజిన్‌కీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే భాగానికే) వెల్డ్ చేసి ఉంటుంది, కాబట్టి 318 కన్వర్టర్ దాని వెనక పెట్టకూడదు. 360 మౌంటు చెవులూ 318వి కావు.

మౌంట్ల విషయానికొస్తే 1955 నుంచి 1957 వరకు షెవీ కార్లలో ఇంజిన్ ముందు భాగంలోనూ బెల్‌హౌసింగ్ దగ్గరా కూర్చునేది, 1958 నుంచి బ్లాకు పక్కలకు మౌంట్లు వచ్చాయి. '57 బెల్ఎయిర్‌లో కొత్త ఇంజిన్ పెట్టేవాళ్ళు పక్క మౌంట్ల కిట్టు వెతుక్కుంటారు. ఆయిల్ పాన్ ఇంకో చిక్కు. 1962-67 షెవీ 2 నోవాకి స్టీరింగ్ లింకులు అడ్డం రావడం వల్ల మామూలు చిన్న బ్లాకు పాన్ తగులుతుంది, దానికని వేరే పాన్ ఉంది. ఫోర్డ్‌లో పాత మస్టాంగ్‌కి ముందు సంప్ (పాన్‌లో ఆయిల్ నిలిచే లోతైన భాగం), బ్రాంకోకి వెనక సంప్. షెవీ వాటర్ పంప్ 1968 వరకు చాలా కార్లలో పొట్టిది, 1969 నుంచి పొడవుది, పుల్లీలూ బ్రాకెట్లూ అన్నీ దానితోనే మారిపోయాయి. పొట్టి పంపుకి పొడవు పంపు పుల్లీ పెడితే బెల్టు వంకరగా తిరిగి ఊడిపోతుంది. స్టార్టర్ కూడా చూడండి, షెవీ ఫ్లెక్స్‌ప్లేట్‌లో 153 పళ్ళవి, 168 పళ్ళవి రెండు సైజులు ఉన్నాయి, ఏ సైజుకి ఆ స్టార్టర్ ముక్కు.

ఇప్పుడు అందరూ అడిగేది ఎల్ఎస్ గురించి, అంటే జనరల్ మోటార్స్ కొత్త తరం వీ8ల గురించి. 1997 కార్వెట్‌లో ఎల్ఎస్1 వచ్చింది, 1999 నుంచి ట్రక్కుల్లో 4.8, 5.3, 6.0 లీటర్లవి వచ్చాయి. ట్రక్కు 5.3 పాత కారుకి మంచి ఎంపిక అని నేను గట్టిగా నమ్ముతాను, చాలావాటిది ఇనుప బ్లాకు, దండిగా దొరుకుతుంది, చల్లటి ఉదయం ఒక్క తిప్పుకే లేస్తుంది. వెనక ముఖం పాత షెవీ అమరికే, ఒక బోల్టు రంధ్రం తక్కువ అంతే. కానీ క్రాంక్ చివర చాలావాటిలో దాదాపు 0.4 అంగుళం లోపలికి ఉంటుంది, పాత టీహెచ్350కి పెట్టాలంటే ఫ్లెక్స్‌ప్లేట్ దగ్గర స్పేసర్ కావాలి. ట్రక్కు పాన్ చాలా లోతు, కారు క్రాస్‌మెంబర్‌కి తగులుతుంది, పాన్ మార్చాల్సిందే. ఇంధన ప్రెషర్ 58 పీఎస్ఐ దాకా కావాలి కాబట్టి పాత మెకానికల్ పంప్ పనికిరాదు, ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపూ, ప్రెషర్ తట్టుకునే పైపులూ వేయాలి. వైరింగ్, కంప్యూటర్ ఇంజిన్‌తో కలిపి కొనండి. క్రాంక్ సెన్సర్ చక్రం తొలి తరంలో 24 గుర్తులది, తర్వాతి తరంలో చాలావాటిలో 58ది, ఒకదాని కంప్యూటర్‌తో ఇంకోది నేరుగా నడవదు.

చట్టం గురించి రెండు ముక్కలు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ కార్లకు స్మాగ్ (పొగ కాలుష్యం) తనిఖీ లేదు. 1976 నుంచి అయితే మీరు పెట్టే ఇంజిన్ కారు సంవత్సరంది గానీ దానికంటే కొత్తది గానీ అయ్యుండాలి, ఆ ఇంజిన్‌కు సంబంధించిన కాలుష్య నియంత్రణ సామాను మొత్తం దానితో రావాలి, స్మాగ్ రిఫరీ దగ్గర చూపించుకోవాలి. వేరే రాష్ట్రాల్లో నియమాలు వేరు, ఇంజిన్ కొనకముందే మీ రాష్ట్రం సంగతి కనుక్కోండి.

దించడం, ఎక్కించడం

బ్యాటరీ తీసేయండి, రేడియేటర్ నీళ్ళు దించండి, బానెట్ కీళ్ళ చుట్టూ పెన్సిలుతో గీత గీసి అప్పుడు విప్పండి, మళ్ళీ బిగించేటప్పుడు గంట కలిసొస్తుంది. ప్రతి వైరుకీ, గొట్టానికీ టేపు ముక్క చుట్టి రాయండి, ఫోటోలు కూడా తీయండి. రేడియేటర్ తీసి పక్కన పెట్టండి, దాన్ని వదిలేసి పని చేస్తే ఫ్యాన్ రెక్కలు దాన్ని చీల్చేస్తాయి. గొలుసును ఒక హెడ్డు ముందు భాగం నుంచి అవతలి హెడ్డు వెనక భాగానికి ఐమూలగా కట్టి, మంచి గ్రేడు బోల్టులతో పూర్తి లోతు వరకు బిగించండి. ఇనుప వీ8 పాతిక, ముప్ఫై కిలోల వస్తువు కాదు, షెవీ చిన్న బ్లాకే దాదాపు 260 కిలోలు. హాయిస్ట్ మీద వేలాడుతున్నప్పుడు దాని కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దు, ఎవరినీ పెట్టనివ్వొద్దు.

గేర్‌బాక్స్ కారులోనే ఉంచితే కింద జాకీతో ఆపండి. ఆటోమేటిక్ అయితే ఫ్లెక్స్‌ప్లేట్ నుంచి కన్వర్టర్ బోల్టులు ముందే తీసి, ఇంజిన్ ముందుకు జరిపేటప్పుడు కన్వర్టర్ గేర్‌బాక్స్‌లోనే ఉండేలా చూడండి. తిరిగి ఎక్కించేటప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది: కన్వర్టర్‌ను తిప్పుతూ లోపలికి తోయండి, ఒక్కో మెట్టు దిగినప్పుడు టక్‌మని తెలుస్తుంది, పూర్తిగా దిగేదాకా ఆపకండి. ఇంజిన్ వెనక ముఖం బెల్‌హౌసింగ్‌తో చేత్తోనే కలవాలి. మిగిలిన సందును బోల్టులు బిగించి లాగితే గేర్‌బాక్స్ పంప్ పగులుతుంది. బిగించాక కన్వర్టర్ చేత్తో తిరగాలి, దానికీ ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య దాదాపు ఎనిమిదో వంతు అంగుళం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేదంటే ఏదో కలవలేదు, వెనక్కి తీసి చూడండి. మాన్యువల్ కారులో ఆటోమేటిక్ నుంచి వచ్చిన ఇంజిన్ పెడుతుంటే క్రాంక్ వెనక పైలట్ బుష్ (గేర్‌బాక్స్ షాఫ్టు కొన కూర్చునే చిన్న బుష్) ఉందో లేదో చూడండి, చాలావాటిలో ఉండదు. 700ఆర్4 గేర్‌బాక్స్ వాడేవాళ్ళు టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సరిగ్గా సర్దకుండా కారు కదపొద్దు, లోపలి ప్రెషర్ దాని మీదే ఆధారపడుతుంది, క్లచ్‌లు కొద్ది దూరంలోనే మాడతాయి.

కరెంటు, మొదటి స్టార్టు

ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ వేయడం మర్చిపోతే కరెంటు థ్రాటిల్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది, కేబుల్ వేడెక్కి కాలుతుంది. షెవీ హెచ్ఈఐ (ఎలక్ట్రానిక్) డిస్ట్రిబ్యూటర్ ఉన్న ఇంజిన్‌ని 1974కి ముందు కారులో పెడితే పాత కాయిల్ వైరు తీసుకోవద్దు, అందులో వోల్టేజి తగ్గించే రెసిస్టెన్స్ వైరు ఉంది, హెచ్ఈఐకి పూర్తి 12 వోల్టులు కావాలి. టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ సెండర్లు మాత్రం పాత ఇంజిన్‌వే కొత్తదానికి మార్చండి. సెండర్ డాష్‌బోర్డు మీటరుకు జత, ఇంజిన్‌కి కాదు. ఇది చూసుకోక ఇంజిన్ బాగానే ఉన్నా మీటరు ఎర్రగీత దాటుతోందని టెన్షన్ పడి మళ్ళీ విప్పేవాళ్ళు ఉన్నారు.

స్టార్టు చేసే ముందు ఆయిల్ పంప్ నింపండి. డిస్ట్రిబ్యూటర్ తీసి, ప్రైమింగ్ రాడ్డును డ్రిల్లుకి తగిలించి తిప్పాలి, షెవీకి గడియారం దిశలో, ఫోర్డ్ చిన్న బ్లాకుకి దానికి వ్యతిరేకంగా. మీటరులో ప్రెషర్ కనిపించేదాకా తిప్పండి. ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రం మీద వేలు పెట్టి క్రాంక్ తిప్పుతుంటే గాలి వేలిని తోస్తుంది, అప్పుడు డ్యాంపర్ గుర్తు సున్నాకి వచ్చినప్పుడు డిస్ట్రిబ్యూటర్ పెట్టండి. వేలి మీద గాలి తోయకుండానే గుర్తు సున్నాకి వస్తే అది ఎగ్జాస్ట్ వంతు, అక్కడ పెడితే కార్బ్యురేటర్‌లోంచి మంట వస్తుంది. ఫైరింగ్ ఆర్డర్ షెవీకి 1-8-4-3-6-5-7-2. ఫోర్డ్ 289కీ మామూలు 302కీ 1-5-4-2-6-3-7-8, కానీ 351 విండ్సర్‌కీ 5.0 హెచ్ఓకీ (ఎక్కువ శక్తి ఉన్న 302కీ) 1-3-7-2-6-5-4-8. ఆర్డరు కుదిరినా సిలిండర్ల లెక్క వేరు: షెవీలో డ్రైవర్ వైపు 1, 3, 5, 7. ఫోర్డ్‌లో అవతలి వైపు 1 నుంచి 4, డ్రైవర్ వైపు 5 నుంచి 8.

కొత్త ఫ్లాట్ టాపెట్ క్యామ్ (రోలర్లు లేని టాపెట్లతో నడిచే క్యామ్‌షాఫ్ట్) వేసి ఉంటే మొదటి ఇరవై నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచొద్దు, 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎమ్ మధ్య నడపండి, జింక్ ఉన్న ఆయిల్ పోయండి. ఇప్పటి మామూలు ఆయిళ్ళలో క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం జింక్ తగ్గించారు, అది చాలక కొత్త క్యామ్ లోబులు ఆ ఇరవై నిమిషాల్లోనే అరిగిపోతాయి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని, ఒక మనిషిని ఆయిల్ మీటరు దగ్గర కూర్చోబెట్టండి.

మొదటిసారి వేడెక్కి చల్లారాక హెడర్ బోల్టులు, మౌంటు బోల్టులు, నీటి మట్టం మళ్ళీ చూడండి. తర్వాత ఒక కాగితం మీద బ్లాకు పోత నంబరు, తేదీ, హెడ్డు నంబరు, ఫ్లెక్స్‌ప్లేట్ పళ్ళు, బ్యాలెన్స్ అంకె, వాటర్ పంప్ పొట్టిదా పొడవుదా, ఆల్టర్నేటర్ ఏ మోడల్‌దో రాసి గ్లోవ్ బాక్సులో పెట్టండి. స్పేర్ పార్టుల దుకాణంలో మొదట అడిగేది కారు సంవత్సరం, మోడల్. మీరు 1966 షెవెల్ అని చెబితే వాళ్ళు 1966 నీటి పంపే ఇస్తారు, మీ కారులో ఇప్పుడున్నది 1974 ఇంజిన్.